నో బిడ్

వేలంలో నా పని చిన్నది.
బేలు గోనె విప్పి, నడుమ నుంచి గుప్పెడాకు లాగి
బొటనవేలితో ఈనె వెంట ఒక్కసారి రాసి
గ్రేడు చెప్పడం.
పద్దెనిమిదేళ్లుగా కందుకూరులో
నా వేలు తప్పు చెప్పలేదంటారు.
చెప్పిన రోజులు నాకు గుర్తున్నాయి.

సాయంత్రం చేతులు రెండుసార్లు కడుక్కుని
గ్రంథాలయానికి పోతాను.
పుస్తకాల మీద ముద్ర ఇంకా పాత జిల్లాదే.
ఊరు ఉన్నచోటే ఉంది,
జిల్లాలే వచ్చి పోతుంటాయి.

నల్లబోర్డు మీద షంషాద్ మేడం
సుద్దతో రాసిపెట్టి ఉంటుంది:
ఢిల్లీ బహుమతికి తుది దాకా వచ్చిన నవలలు ఆరు,
లండన్‌వి ఇంకో ఆరు,
ఒక జీవితచరిత్ర, ఒక జైలు డైరీ,
ఉప్పు మీద ఎవరో రాసిన ఆరువందల పేజీలు.
అడుగున చిన్నక్షరాల్లో
'ఇవేవీ మన దగ్గర లేవు.'

వెనకబడకూడదని మూడేళ్ల కిందట పంతం పట్టాను.
విజయవాడ నించి ఆర్టీసీ పార్సిల్లో తెప్పించేవాణ్ణి.
ఒకటి సగంలో ఉండగానే ఇంకోదానికి బహుమతి వచ్చేది.
అది అందేసరికి కొత్త జాబితా.
"ఏంది సామీ, పోయినేటి ఆకు ఈ ఏడు కాలుస్తున్నావే"
అని మాల్యాద్రి నవ్వేవాడు,
కాటా మీద మోచెయ్యి ఆనించి.

నిజం చెప్పాలంటే
పెద్ద బహుమతి వచ్చినవాటిలో ఒకటి
పైన బ్రైటు, నడుమ నాసిరకం దోపిన బేలు.
ఒకటి నాకు అర్థం కాలేదు, తప్పు నాదేనేమో.
ఒకటి మాత్రం, మలయాళం నించి వచ్చింది,
దాని చివరి పేజీ దగ్గర
గుడ్లూరు ఆఖరి బస్సు పోగొట్టుకున్నాను.
ఆరు మైళ్లు నడిచినా కోపం రాలేదు.

న్యాయనిర్ణేతలు ఎట్లా చూస్తారో నాకు తెలీదు.
మా దగ్గర కంపెనీ బయ్యర్లు వరస వెంట నడుస్తారు,
బేలుకు ఎనిమిది సెకన్లు,
చేతిలో మిషను, కళ్లు పక్క బేలు మీద.
ఎవరూ నొక్కకపోతే చీటీ మీద 'నో బిడ్' పడుతుంది.
రైతు ఏమీ అనడు.
గోనె మళ్లీ తనే కుట్టుకుంటాడు.

మొన్న మార్చిలో
పేపర్ల బల్ల మీద ఒక సన్నటి పుస్తకం.
ముద్ర లేదు, నంబరు లేదు.
దర్శి వైపు పోస్టుమాస్టరు ఎవరో రిటైరయి
సొంత డబ్బుతో అచ్చేసి, వచ్చి పెట్టి పోయాడంట.
బోర్లు వేసే రిగ్గు బండ్ల కూలీల సంగతి అంతా.
అట్ట మీద బొమ్మ వంకరగా అంటింది,
అచ్చుతప్పులు చీమల్లాగా.

నడుమ నుంచి తీశాను, అలవాటు.
'నీళ్లు పడని బోరు దగ్గర
ముందుగా ఎవరూ లేవరు' అని ఉంది.

మా నాయన లేవలేదు.
చీకటి పడింది, రిగ్గు బండి పోయింది,
తెల్లటి రాతిపొడి మోకాళ్ల దాకా.
అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లేపింది.
ఇది నేనెవరికీ చెప్పలేదు.
ఆ పోస్టుమాస్టరుకు ఎట్లా తెలిసింది?

తిరిగి పెట్టేటప్పుడు
జేబులో ఉన్న బేలు చీటీ వెనక రాసి లోపల ఉంచాను:
'బ్రైట్. నడుమ కూడా.'

పదిహేను రోజులకి చూస్తే
నా అక్షరాల కింద ఎవరిదో పచ్చ ఇంకు:
'మూడో అధ్యాయం మీడియమే. మళ్లీ చూడు.'

ఎవరయ్యా నువ్వు?
ఈ ఊళ్లో నా గ్రేడుకి ఎదురు చెప్పినోడు లేడు.

షంషాద్ మేడం స్టూలెక్కి
కొత్త జాబితా రాస్తోంది.
సుద్దపొడి నా భుజం మీద రాలుతోంది.
ఈసారి ఎన్ని పేర్లో చూడలేదు,
మూడో అధ్యాయం విప్పాను.