నడుం దాకనే అమ్మ

నా బిడ్డకు పది నెలల దాక
అమ్మంటే నడుం దాకనే.

పుట్టపాకల మాది గుంత మగ్గం.
పొద్దు పొడిచినకాడి సంది నా కాళ్ళు గుంతల
తొక్కుడు కర్రల మీద,
చేతులు పైన నాడె మీద.
నేలకు సమానంగ నా నడుం,
నేల మీద బోర్ల పడి దాని మొహం.
ఇద్దరం ఒకటే ఎత్తు.

మూడో నెల మెడ నిలిపింది.
పలక చప్పుడు ఎటుంటె అటు తల తిప్పింది.
ఐదో నెల బోర్ల పడితే
మా అత్త అండాలు బొబ్బట్లు చేసి
వాడకట్టంత పంచింది.
పడుడైతె పడ్డది గని
మళ్ళ ఎల్లెలకల తిరుగుడు రాలే.
చెయ్యి కింద ఇరుక్కొని ఒకటే లొల్లి.
నేను గుంతలకెల్లే వంగి
ఆ చెయ్యి ఇడిపిచ్చి
మళ్ళ నాడె అందుకునేది.

తేలియా రుమాలు నూలుకు
నూనె పట్టిచ్చుడు రోజులకు రోజులు.
ఆముదం కాయల బూడిద నీళ్ళు, నువ్వుల నూనె,
పిసుకుడు, ఆరేసుడు, మళ్ళ పిసుకుడు.
"గిట్ల పడితెనే రంగు నిలుస్తది" అంటడు మా మామ.
మా అత్త అవే చేతులతోటి
చాపిన కాళ్ళ మీద బిడ్డను పండబెట్టుకొని
తొడలు, పిక్కలు, మడిమలు గుంజి గుంజి రుద్దేది.
"గిట్ల పడితెనే అడుగు నిలుస్తది."
ఇంట్ల నూలు వాసన, బిడ్డ వాసన ఒక్కటే.

పక్కింటి సంధ్య కొడుకు
ఏడో నెలకే పారాడిండు,
ఇల్లంత కడుపుతోటి ఊడ్చిండు.
మా భావన పారాడలే.
కూసోని, ఒక కాలు మడిచి
ఇంకో కాలు తెడ్డు లెక్క ఏసి
పిర్రల మీద దేక్కుంట పోయేది.
గుంత అంచుకు చాట అడ్డం పెట్టిన, మెత్త అడ్డం పెట్టిన.
చాటను గుంతలకే నూకి
పడ్డ చప్పుడు ఇని నవ్వేది.

అంగన్‌వాడి సుభద్ర టీచరు కాయిదం తీసింది.
అండ్ల పారాడే బొమ్మ ఉన్నది,
దేకే బొమ్మ లేదు.
పెన్ను మూతి నోట్లె పెట్టుకొని సోంచాయించింది.
"కొందరు పారాడకుంటనే లేస్తరమ్మా,
జర సూద్దాం, వచ్చే నెల తీస్కరా."
గడిల ఏం రాయలే.
ఆ ఖాళీ గడి
రాత్రి నా పక్కల పండుకున్నది.

మా ఆయన డిజైన్ కాయిదం నిండ గూడ గళ్ళే.
"గడి ప్రకారమే చిటికి కడతం.
అయినా నేసినంక పువ్వు అంచు
జరంత చెదిరే ఉంటది గదా" అన్నడు
అటు తిరిగి పండుకుంట.
నన్ను ఓదార్చిండో
పని ముచ్చట చెప్పిండో తెల్వదు.

ఆ మంగళారం కండెలు అయిపోయినయ్.
అంచు మీద చేతులు ఆనిచ్చి
మోకాలు ఎక్కిచ్చి
ఒక్కొక్క కాలు గుంతలకెల్లి బయటికి తీసిన.
రోజు తీసేదే.
ఆ రోజు బిడ్డ చూసింది.
మొహం దిక్కు గాదు, పాదాల దిక్కు.
అమ్మకు కింద గూడ
ఇంత అమ్మ ఉన్నదా అన్నట్టు.

ముందు నా బొటనవేలు పట్టుకున్నది.
తర్వాత కుచ్చిళ్ళు.
తర్వాత మగ్గం గుంజ.
పిర్రలు లేపింది, పడ్డది.
లేపింది, పడ్డది.
ఏడ్వలే. ఎవరో అప్పు ఎగ్గొట్టినట్టు
సొంత కాళ్ళ దిక్కు గుర్రుగ చూసింది.
నాలుగో తాప
నిలబడ్డది.
మోకాళ్ళు పడుగు పోగుల లెక్క వణుకుతున్నయ్.
అడుగు గిడుగు ఏం లేదు.
నిలబడ్డ కాడ్నే ఉచ్చ పోసింది.

"అత్తా, ఇటు రాయే!"
అండాలు పిండి చేతులతోటి ఉరికొచ్చింది.
బోర్ల పడితే బొబ్బట్లు,
గడప దాటితే గారెలు,
అడుగేస్తే అరిసెలు.
ఉత్తగ నిలబడ్డందుకు ఏం వండాల్నో
ఆమెకు గూడ ఎవరు చెప్పలే.

నాకేమో పొద్దటి సంది గుంతల ఉన్న కాళ్ళు,
తిమ్మిరెక్కి నావే కానట్టున్నయ్.
నేను గూడ గుంజ పట్టుకున్న.
కింద ఒక చెయ్యి, పైన ఒక చెయ్యి.
ఎవరు ముందుగాల ఇడుస్తరో అని
ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంట.