ముప్ఫై ఆరు వాయిదాల కత్తి

షెఫీల్డ్, డార్నల్‌లో పధ్నాలుగో నంబరు ఇల్లు.
ఊడ్చి, కడిగి, తాళాలు కౌన్సిలుకి అప్పజెప్పాలి
శుక్రవారం లోగా.
నా పని అదే, పోయినవాళ్ళ ఇళ్ళు ఖాళీ చెయ్యడం.

సోఫా పోయింది. ఫ్రిజ్ పోయింది.
జత దొరకని మేజోళ్ళు ఆరు,
కళ్ళజోళ్ళు నాలుగు, అన్నిటికీ కుడికన్నే పగిలినవి,
అన్నిటికీ వ్యానులో చోటు దొరికింది
గ్యాసు పొయ్యి పైన గోడకి వేలాడే కత్తికి తప్ప.

రెండు మూరల పైమాటే.
పిడి మీద ఎర్ర సిలువ,
అలుగు పొడుగునా ఈ వీధిలో ఎవరికీ రాని భాష,
కింద ఒకే గుర్రం మీద ఇద్దరు జోధులు
బస్సు చార్జీ మిగుల్చుకుంటున్నట్టు.

గోటితో మీటాను.
మాది కొలిమి ఇల్లు. నాన్న కొడవలిని చెవి దగ్గర పెట్టుకుని
నీళ్ళు సరిగా పట్టిందో లేదో చెప్పేవాడు.
ఇది ఖంగుమనలేదు.
పళ్ళెం కిందపడ్డట్టు మోగింది.

పక్కింటి డొరీన్ కంచె మీంచి చెప్పింది:
క్లిఫర్డ్ ముప్ఫై ఒక్క ఏళ్ళు ఫర్నేసు ముందు నిలబడ్డాడు.
కనుబొమలు ఇక మొలవడం మానేశాయి.
మిల్లు మూసిన ఏడాది
మావిస్ కేటలాగులో చూసి తెప్పించింది, నెలనెలా వాయిదాల మీద,
మనిషి చేతికి ఉక్కు లేకుండా పోకూడదని.

ఆయనకి తెలియలేదా, అన్నాను.
పెట్టె విప్పగానే తెలిసింది. గోటితో మీటాడు, నీలాగే.
కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత బాగుంది అన్నాడు.
ఆ సాయంత్రమే మేకు కొట్టాడు.

మొత్తం ముప్ఫై ఆరు వాయిదాలు.
ముప్ఫై నాలుగోది కట్టేనాటికి మావిస్ లేదు.
మిగతావి ఆయన కట్టాడు.

దసరాకి మేం సుత్తికీ, పట్టకారుకీ బొట్టు పెట్టేవాళ్ళం.
పనిచెయ్యని దానికి పెట్టేవాళ్ళం కాదు.
ఈ పిడికి పట్టుకునే చోట రంగు అరగలేదు.
తుడిచే చోట అరిగింది.

చారిటీ షాపువాళ్ళు కత్తులు ముట్టుకోమన్నారు.
తుక్కు కొనేవాడు తూచి డెబ్బై పెన్నీలన్నాడు.
పోలీసు స్టేషను బయట ఇనప పెట్టె ఒకటుంది,
కుర్రాళ్ళ జేబుల్లో తిరిగే కత్తులు మింగడానికి.
దాని నోరు చిన్నది. పిడి అడ్డుపడింది.
దుప్పట్లో చుట్టినదాన్ని
నిద్రపోయే పిల్లని మార్చుకున్నట్టు చేతులు మార్చుకుంటూ నిలబడ్డాను.
లోపలి నించి యూనిఫాంలో ఒకమ్మాయి వచ్చి
అంచు మీద బొటనవేలు నడిపి,
ఇది దేన్నీ కొయ్యదు, ఇంటికి పట్టుకెళ్ళు, అంది.

నిజమే. మావిస్ అరవయ్యో పుట్టినరోజున కేకు మీద పెడితే
కేకు నలిగింది.
ఫోటో ఉంది డొరీన్ దగ్గర. అందరూ నవ్వుతున్నారు.
క్లిఫర్డ్ మాత్రం రెండు చేతుల్తో
నిజం కత్తిని పట్టుకున్నట్టే పట్టుకున్నాడు.

శుక్రవారం గోడ చూశాను.
సిగరెట్టు పొగకి పసుపెక్కిన కాగితం మీద
కత్తి ఉన్నంత మేరా తెలుపు.
మొన కిందికి వేలాడదీశాడు కదా,
చూస్తే సిలువ.
రెండిటికీ నీడ ఒకటేనని
ఆ గుర్రం మీది ఇద్దరికీ ముందే తెలిసుండాలి.

కొత్తగా దిగేవాళ్ళు గది చూసుకోడానికి వచ్చారు.
యెమెన్ వాళ్ళు. నాసర్, ముగ్గురు పిల్లలు, తల్లి.
రంగులు వెయ్యడానికి ఇంకో వారం, అన్నాను,
ఆ మరకకి అడ్డంగా నిలబడి, ఎందుకో.
పెద్దావిడ నన్ను పక్కకి జరిపి చూసింది.
ఇక్కడ గడియారం పెట్టుకుంటాం, అంది. మేకు ఎలాగూ ఉంది.
ఆవిడ భర్తదీ ఫర్నేసు పనేనట.
ఏ మిల్లని అడిగితే అదే పేరు చెప్పింది.
షిఫ్టు మాత్రం రాత్రిది.

కత్తి ఇంకా నా వ్యానులోనే ఉంది.
మలుపు తిరిగినప్పుడల్లా పళ్ళెంలా మోగుతుంది.
నాన్నయితే మళ్ళీ కొలిమిలో పెట్టమనేవాడు.
నేను దానికి సీటు బెల్టు పెట్టాను.