ఇంకా కాలేదు

బ్యాడ్జీ మీద నేను రత్న.
ఇంట్లో నూకరత్నాన్ని.
అనకాపల్లి అమ్మవారి పేరుని సగానికి కోసి
కోటుకి గుచ్చుకుని పదకొండేళ్ళు.

కెప్టెన్ బల్వంత్ సోలంకికి ఆ సగమూ అక్కర్లేదు.
తెల్లవారుజామున హైదరాబాదులో నలుగురం వరసగా నిలబడితే
మా తలల మీదుగా గోడ గడియారంతో మాట్లాడాడు.
"వైజాగ్‌లో వాన. దిగేటప్పుడు నాకు ఫోన్ చెయ్యొద్దు.
మంటలైతే తప్ప."
భుజాన నాలుగు బంగారు చారలు.
పక్కన మూడు చారల పైడిరాజు
తన బూట్లలో ఏదో వెతుక్కున్నాడు.

చారలు లేనివాళ్ళం మేం.
మా దగ్గరున్నవల్లా కాఫీ, నవ్వు,
నూట డెబ్భై ఆరు బెల్టుల లెక్క,
తొంభై సెకన్లలో అందర్నీ బయటికి తోసే గొంతు.
ఆ గొంతు ఇంతవరకూ ఎవరూ వినలేదు.
వినకపోవడమే మా ఉద్యోగం.

మబ్బులోంచి ఊడిపడ్డాం.
రెక్క కింద తడిసి నల్లబడ్డ డాల్ఫిన్ నోస్,
బయటి సముద్రంలో వంతుకోసం నిలబడ్డ ఓడలు.
అప్పుడు వెనకనుంచి షహీదా:
"అక్కా, ఇరవై మూడో వరస మామ్మ
బాత్రూంలో ఉంది. గొళ్ళెం పడిపోయింది.
కాళ్ళు ఆడటం లేదంటోంది."

ఆ వెంటనే ముందునుంచి గంట.
"క్యాబిన్?"
ఒక్క మాట. దానికి జవాబు కూడా
అచ్చులో పోసి ఉంటుంది, రెడీ అని.
నాలుక మీదకి వచ్చేసింది కూడా.

మా నాన్న సరంగు. జాలారిపేటలో పెద్ద నోరు.
బోటు మీద ఆయన మాటకి ఎదురు లేదు.
అయినా అనేవాడు,
"ముందు కూకున్న కలాసీ ఆగమంటే ఆగాలే.
ఆడికి అవుపడే రాయి నాకు అవుపడదు గదా."
అదే నాన్న, ఒడ్డుకొచ్చాక
ఆగమన్న కలాసీ వాటాలో
రెండు వంజరాలు తగ్గించేవాడు.
అదీ చూశాను.

"ఇంకా కాలేదు" అన్నాను.
సార్ అనడం మరిచిపోయాను.

ఫోన్లో అతని ఊపిరి.
తర్వాత ఇంజన్లు ఒక్కసారిగా అరిచాయి.
ముక్కు పైకి లేచింది. హార్బరు కిందికి జారిపోయింది.
సింహాద్రప్పన్నా అని ఎవరో, అల్లా అని ఎవరో,
ఎవరిదో పాప కిలకిలా నవ్వింది.
షహీదా నాణెంతో గొళ్ళెం తిప్పి
మామ్మని వెనక సీట్లోనే కూలేసి, బెల్టు బిగించి,
తన సీటుకి పాక్కుంటూ వెళ్ళింది.

యారాడ కొండ మళ్ళీ వచ్చింది.
"క్యాబిన్?"
అదే మాట.
కానీ ఈసారి అడిగి ఆగాడు.

ఎన్.ఏ.డి. దాటాక వ్యాన్లో ముందు సీటునుంచి,
వెనక్కి తిరక్కుండానే,
"ఒక ముసలామె కోసం ఎంత ఇంధనమో తెలుసా?"
వైపర్లు జవాబు చెబుతూనే ఉన్నాయి.
పైడిరాజు నా చెవిలో మన భాషలో గుసగుసలాడాడు,
"మంచి పని సేసినావక్కా."
"లోపలున్నప్పుడు అన్నావేటి ఆ మాట?"
కిటికీ తుడుచుకున్నాడు.

రాత్రి రిపోర్టు వచ్చింది.
"క్యాబిన్ సిద్ధంగా లేనందున, నా నిర్ణయం మేరకు
తిరిగి పైకి లేచాం." సంతకం.
నన్ను కాపాడాడా, నా మాటని ఎత్తుకుపోయాడా?
మూడుసార్లు చదివినా
అక్షరాలు అటో ఇటో తేల్చలేదు.

షహీదా పక్క మంచం మీద పడుకోలేదు.
"ఎంతసేపయింది, ఆమె తలుపు కొట్టడం మొదలెట్టి?"
"నాలుగు నిమిషాలు."
"నాకెందుకు వెంటనే చెప్పలేదు?"
దుప్పటి అంచు మడతపెట్టి, విప్పి,
"ప్రతిదానికీ పిలవొద్దని
పొద్దున మీరే అన్నారు కదక్కా."

అన్నాను. కాఫీ కప్పులు సర్దుతూ.
ఆమె ముఖం కూడా చూడకుండా.

కోటు వంకీకి తగిలిస్తూ
దీపం దగ్గర భుజం తిప్పి చూశాను.
నున్నగా ఉంది. కుట్టు జాడ లేదు.
కింద ఫిషింగ్ హార్బర్లో
ఏదో బోటు ఇంజను పట్టుకోక
దగ్గుతోంది.