పచ్చ గడి

ఓడలో ఎలక్ట్రీషియన్ని లెక్కీ అంటారు.
ముద్దుపేరే.
నాలుగు నెలలుగా నాకు దక్కినవి మాత్రం లెక్కలే.
బల్బు మాడితే నేను, మోటారు కాలితే నేను,
ఇప్పుడు తెరమీద చక్రం తిరుగుతూ ఉండిపోయినా
తట్టేది నా తలుపే.

సాంతోస్‌లో సోయా ఎత్తుకుని
ఈశాన్యంగా పోతున్నాం, రోటర్‌డ్యామ్‌కి.
ఈ దిక్కున పోయినన్నాళ్లూ
మా పొగగొట్టం సరిగ్గా ఉపగ్రహానికి అడ్డం.
హాంబర్గ్ ఆఫీసుకు రేడియోలో చెప్పాను సంగతి.
"దయచేసి పోర్టల్లో నమోదు చేయండి" అన్నారు.

వెనకటికి పంపు విప్పితే
తెబాకారో గీతల పుస్తకంలో పెన్సిలుతో రాసేవాడు.
పక్కన గ్రీజు వేలిముద్ర,
అదే సంతకం.
ఇప్పుడు పంపు విప్పడానికి అనుమతి,
అనుమతికి పాస్‌వర్డ్,
పాస్‌వర్డ్‌కి నెల నిండింది, కొత్తది పెట్టమంటుంది,
పెట్టాలంటే ఓటీపీ,
ఓటీపీ ఫోనుకొస్తుంది.
దగ్గరి టవరు ఎనిమిది వందల మైళ్లు.
తెబాకారో ఫోను ఆకాశానికెత్తి పట్టుకుని
డెక్కు మీద నిలబడ్డాడు కాసేపు.
ఎగిరే చేపలు రెండు మూడు తొంగిచూసి పోయాయి.
కింద పంపు కారుతూనే ఉంది.
దానికి ఓటీపీ అక్కర్లేదు.

తెల్లవారుజామున నాలుగింటికి
రెండో మేటు పగునాలన్ డ్యూటీ దిగాడు.
ఇలోయిలో మనిషి, మాట తక్కువ.
పడుకునే ముందు ఒక్క ఫారం నింపాలి:
విశ్రాంతి గంటలు.
ఉన్నదున్నట్టు రాస్తే గడి ఎర్రబడుతుంది,
ఎర్రబడితే కారణం అడుగుతుంది,
కారణం రెండొందల అక్షరాలకు తగ్గకూడదు,
రాసి పంపేలోగా లైను పోతుంది,
లైనొచ్చేసరికి రాసింది పోతుంది.
అందుకని పది గంటలు నిద్రపోయానని రాస్తాడు.
గడి పచ్చబడుతుంది.
ఆ పదింట్లో మూడు
ఈ కుర్చీలోనే, ఈ గడి ఎదుటే గడిచాయి.

ఐదున్నరకి కెప్టెన్ బ్రిడ్జి మీదికొచ్చి
గొంతు సవరించుకుని
"పదిహేను డిగ్రీలు ఎడమకి" అన్నాడు.
ముందు చేపల వలలున్నాయేమో అనుకున్నాడు
చుక్కాని పట్టిన కుర్రాడు.
వలల్లేవు. వేరే ఓడా లేదు.
డెబ్బై వేల టన్నుల సోయా
ఒక ఫారం కోసం పక్కకి తిరిగింది,
పదకొండు నిమిషాలు.

ఆఫీసువి నూట నలభై మెయిళ్లు దిగాయి.
వాటి సందులోంచి ఎలా దూరిందో
తరావా నుంచి తెబాకారో చెల్లెలు పంపిన ఫోటో,
పుట్టిన బిడ్డది.
జుట్టు వచ్చింది, నుదురు వచ్చింది,
కనుబొమల దగ్గర ఆగిపోయింది.
"నుదురు మాదే" అన్నాడతను.
ఆ రోజంతా ఓడలో అందరికీ
ఆ నుదురే చూపించాడు.

ఓడ వెనక నీళ్లలో తెల్లటి వంకర,
వెలుగొచ్చేదాకా ఉండి చెరిగిపోయింది.
లాగ్‌బుక్కులో దాని పేరు వాతావరణం.

నేను కేబులు చూడ్డానికి పైకి వెళ్లేసరికి
పగునాలన్ చెంప కీబోర్డు మీద ఉంది.
దాని కింద ఏదో మీట నొక్కుకుపోయి
ఒకే అక్షరం, బారులు బారులుగా,
వ్యాఖ్యలు రాసే చోట.
చోటు నిండాక అదీ ఆగింది.
ఇంతలో తెర మధ్యన ఒక ప్రశ్న లేచింది:
మీరు ఇంకా ఉన్నారా?
జవాబుకు అరవై సెకన్లు.
యాభై తొమ్మిది.
యాభై ఎనిమిది.
నాలుగు నెలల్లో ఆ మాట అతన్ని అడిగింది
అదొక్కటే.

నేను వంగి,
అతని చెయ్యి కదలకుండా,
ఉన్నాను అని నొక్కాను.