పాత పేర్లు

"గతంలో వాడిన పేర్లు?" అడిగింది ఫారం.
మిల్డ్యూరా లైబ్రరీలో కళ్లజోడు తుడుచుకుని
మూడు రాసింది జెనీన్.
రెండు మొగుళ్లవి, ఒకటి నాన్నది.

ఎక్కడెక్కడో పడివున్న పింఛను పొదుపులు
ఒక్కొక్కటే బయటికొచ్చాయి:
మోటెల్ దుప్పట్లు ఉతికినప్పటిది,
ద్రాక్ష ఎండబెట్టినప్పటిది,
నారింజల షెడ్డుది. ఇందులో
రెండొందల పదకొండు డాలర్లే.
మిగతాది ఫీజులు చెదల్లా తినేశాయి.

ఆ షెడ్డు ఖాతాలో ఆమె ఇంకా
మిస్ క్విల్టీయే.
ఇరవై మూడేళ్లు. వేలికి ఉంగరం లేదు,
గోళ్లకింద తొక్కల వాసన.
లారీవాడితో పందెం కాసి
సిగరెట్ పెట్టె గెలుచుకున్న రోజులు.

అన్నీ ఒకటి చెయ్యమంటారా, అంది తెర.
వేలు ఆగింది.
"తొందరేం లేదండీ" అన్నాడు లైబ్రరీ కుర్రాడు
గడియారం చూస్తూ.

నొక్కింది.
డబ్బంతా వచ్చి చేరింది.
క్విల్టీ రాలేదు.