లేకపోలేదు

డండీలో గురువారం రాత్రి క్లాసు.
బోర్డు మీద కొక్కెం గీసి ఇది ‘కాదు’ అన్నాను.
పక్కన ఇంకోటి తగిలించి,
రెండు కాదులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే
మిగిలేది అవునే అన్నాను.

అందరూ రాసుకున్నారు.
జనపనార మిల్లు ఐల్సా పెన్ను మూతే తియ్యలేదు.
“మోకాలెలా ఉందంటే, చెడ్డగా ఏం లేదంటాను.
బాగున్నట్టా?”

నిరూపణ నాలుగు లైన్లు. చేతిలో సుద్ద.
కాదుకీ లేదుకీ వద్దుకీ
మూడు గొంతులున్న భాషలో పెరిగి
అన్నిటికీ ఒకే కొక్కెం.

కిటికీలో టే నది వంతెన దీపాలు,
పొగమంచులో
ఉన్నట్టా లేనట్టా.

“నీకీ ఊరు ఇష్టమేనా?”
లేకపోలేదు, అన్నాను, తెలుగులోనే.

ఆమె పెన్ను మూత తీసింది,
వినబడినట్టు రాసుకుంది.
అర్థం అడగలేదు.