ఆపైన మాట్లాడుకోవాలి

కనిగిరిలో, పామూరు రోడ్డు మీద మా రిగ్గు ఆఫీసు.
గోడకి రేటు కార్డు:
మొదటి మూడొందల అడుగులకి అడుక్కి నూటపది,
అక్కణ్ణించి వందవందకీ పది ఎక్కువ,
కేసింగు పైపు వేరే.
నీళ్లు పడినా పడకపోయినా డబ్బు కట్టాలి.
పదిహేనొందల కాడ గీతలు అయిపోతయ్.
దాని కింద మా ఓనరు అచ్చేయించిన ఒకే మాట:
ఆపైన మాట్లాడుకోవాలి.

పదకొండేళ్లుగా ఆ కార్డు కింద కూర్చుని
బిల్లులు రాస్తన్నా.
ఆపైన మాట్లాడేదానికి ఎవరూ రాలా.

మొన్న మంగళారం ఒకమ్మాయొచ్చింది,
బూట్లకి ఎర్రమట్టి, పేరు హిమజ.
"పదివేల అడుగులకి ఎంతవుతుందండీ?"
డ్రైవరు కాలేషా టీ గ్లాసు కింద పెట్టాడు.
"అంత లోతున నీళ్లుండవమ్మా."
"నీళ్లక్కాదు. వేడికి."

కాలేషాకి ఆ వేడి తెలుసు.
వెలిగండ్ల అవతల పన్నెండొందల అడుగుల్లో పడ్డ నీళ్లు
చెయ్యి పెడితే
జొరమొచ్చిన పిల్లాడి నొసలు మాదిరుంటయ్యని
ఎన్నిసార్లో చెప్పాడు నాకు.

నాకు కావాల్సింది లెక్క. అడిగా.
అద్దాల పొలంలో ఎండ, యూనిట్టు రెండున్నర.
రెక్కల మీది గాలి, మూడూ మూడుంబావలా.
మరి మీ నిప్పో?
"ఎనిమిదనుకోండి. పదీ కావచ్చు.
తవ్వేదాకా తెలియదు."
ఎవరు కొంటారమ్మాయ్ అయితే?
"ఎండ ఆరింటికి కొట్టు కట్టేస్తుంది గదక్కా.
గాలి ఆషాఢంలో అరుస్తుంది, కార్తీకంలో అలుగుతుంది.
రాత్రి ఏడింటికి ఊరంతా ఒక్కసారే స్విచ్చి వేస్తే
పలికేదెవరు?
బ్యాటరీలో దాస్తే దాచిన కూలీ కలపండి,
రెండున్నర రెండున్నరగా ఉండదు."
కాసేపాగి తనే అంది,
"ఆ కూలీ కూడా ఏటేటా తగ్గుతోందిలెండి.
మా భయం అదే."

భూమి అప్పివ్వదు.
మొత్తం అడ్వాన్సు, ముందే, చీకట్లో.
ఇచ్చాక ముప్పై ఏళ్లు
పుల్ల ఖర్చు లేకుండా పొయ్యి మండిద్దంట,
రాత్రీ పగలూ, వానా మబ్బూ లేకుండా.
ఇయ్యకముందు మాత్రం
అది వట్టి బొక్క.

నాకు తిరుపాలు గుర్తొచ్చాడు.
బత్తాయి తోటకి తొమ్మిది బోర్లు,
తొమ్మిది బిల్లులూ నా చేతి రాతే.
ఎనిమిదోదానికి పాయింటు పెట్టినాయన అరచేతిలో
కొబ్బరికాయ నిటారుగా లేచి నిలబడింది.
తెల్లారేదాకా తెల్లదుమ్మే లేచింది.
తుండుతో మొహం తుడుచుకుని
సంతకం ఎక్కడని అడిగాడు.
తొమ్మిదోదాంట్లో రెండంగుళాలు.

ఆ నీళ్లు బిందెకి ఎంత పడినట్టు?
తొమ్మిదో బోరు ఖర్చు వెయ్యాలా,
తొమ్మిదింటిదీ వెయ్యాలా?
ఇన్నేళ్లుగా నాకు తేలని లెక్క
ఆ అమ్మాయి ముందు పెట్టా.
ల్యాప్‌టాప్ మూసేసింది.
"తొమ్మిదింటిదీ వెయ్యాలక్కా.
అందుకే మా యూనిట్టు పది."

"నీళ్లకంటే కాయ పట్టుకుని తిరిగేవాడున్నాడు,"
కాలేషా మళ్లీ గ్లాసు అందుకున్నాడు,
"నిప్పుకి పాయింటు పెట్టేదెవరమ్మా?"
"నేనే."
నవ్వింది. అప్పుడు చూశా,
పళ్ల మీద పసుప్పచ్చ మచ్చలు.
మా నీళ్లే తాగి పెరిగింది.

తనెళ్లాక కరెంటు పోయింది.
సెల్లు లైటు వెలుగులో
వందవందకీ పది కలుపుకుంటా పోయా.
నాలుగువేల అడుగుల కాడ కాయితం అయిపోయింది.
తిప్పి రాశా.
మనకున్న రాడ్లు అంత పోవు,
ఆ మిషను వేరే అంటాడు కాలేషా,
రాసేదేందో రాయి అని కూడా అంటాడు.

పెన్ను జారి పడితే వంగా.
గచ్చు ఇంకా వెచ్చగానే ఉంది.
పగలంతా కాసిన ఎండే అది, నాకు తెలవదా,
రెండున్నర రూపాయల వేడి.
అయినా
చెయ్యి వెంటనే తియ్యలేదు.